అమరోనే రుచి చూడటం ఎలా, దాని పక్కన ఏం వడ్డించాలి: సమగ్ర మార్గదర్శి

ఇటలీ ఈశాన్య భాగంలో వెరోనా నగరానికి ఉత్తరంగా వాల్‌పొలిచెల్లా అనే కొండ ప్రాంతం ఉంది. పడమర గార్డా సరస్సు, పైన లెస్సీనియా కొండలు. ఇటలీలో బాగా బలమైన రెడ్ వైన్ల పేర్లు చెప్పమంటే ఎవరి నోటనైనా వినిపించే అమరోనే ఇక్కడిదే. ఆల్కహాల్ మామూలుగా 15 నుంచి 16.5 శాతం. వాసన చూస్తే తియ్యగా ఉంటుందనిపిస్తుంది, తాగితే తీపి దాదాపు ఉండదు. మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది ‘ఘాటుగా ఉంది’ అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు అందుకు కారణం వైన్ మరీ వెచ్చగా ఉండటమో, పక్కన కారం కూర ఉండటమో అయి ఉంటుంది. ఈ రెండూ సరిచేస్తే ఇంత ఓపికగా, ఇంత లోతుగా మాట్లాడే వైన్లు తక్కువే అని నా గట్టి నమ్మకం. సీసా కొనడం నుంచి మిగిలిన వైన్ ఏం చేయాలో దాకా అన్నీ వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: ద్రాక్షను ఎందుకు ఆరబెడతారో తెలుసుకోండి

గ్లాసులో మీకు తగిలే ప్రతి రుచికీ మూలం ఇక్కడే ఉంది కాబట్టి ఈ భాగం దాటేయకండి.

అమరోనేకి వాడే ప్రధాన ద్రాక్ష కోర్వీనా. దాంతో పాటు కోర్వినోనే, రొందినెల్లా, కొద్దిగా మరికొన్ని స్థానిక రకాలు కలుపుతారు. కోర్వీనా సహజంగా మరీ చిక్కటి ద్రాక్ష కాదు. తాజాగా పిండి వైన్ చేస్తే పుల్లటి చెర్రీ వాసనతో తేలిగ్గా, హాయిగా ఉండే వాల్‌పొలిచెల్లా వస్తుంది. అదే ద్రాక్షతో అంత బలమైన వైన్ రావడానికి కారణం అప్పస్సిమెంతో అనే ఆరబెట్టే పద్ధతి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతలప్పుడు గింజలు వదులుగా ఉన్న గుత్తులనే ఏరతారు. గింజలు ఒత్తుగా ఉంటే మధ్యలో గాలి ఆడక బూజు పడుతుంది. ఏరిన గుత్తులను ఫ్రుత్తాయో అనే ఆరబెట్టే గదుల్లో ఒకే వరసలో పరుస్తారు. పూర్వం రెల్లు తడకల మీద పరిచేవారు, ఇప్పుడు చాలాచోట్ల చిన్న ట్రేలు వాడుతున్నారు. మన మేడల మీద వడియాలు ఎండబెట్టడం లాంటిది కాదిది. ఇక్కడ ఎండ తగలకూడదు. నీడలో, చల్లగా, గాలికి మెల్లగా ఆరాలి. మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు నెలలు. ఆ రోజుల్లో పొగమంచు పట్టి గాలిలో తేమ పెరిగితే బూజు భయం. అందుకే పనివాళ్లు గుత్తులను చూస్తూ, చెడినవాటిని తీసేస్తూనే ఉంటారు. ఫ్యాన్లు, తేమ కొలిచే యంత్రాలు ఇప్పుడు మామూలైపోయాయి.

ఆరేసరికి గుత్తి బరువులో మూడో వంతు, కొన్నిసార్లు 40 శాతం దాకా పోతుంది. పోయేది నీరు, మిగిలేది చక్కెర, పులుపు, తొక్కలోని రంగు, వగరు. పైగా ఆరుతున్న నెలల్లో ద్రాక్ష లోపల మార్పులు జరుగుతూనే ఉంటాయి. తాజా పండు వాసన తగ్గి ఎండు పండ్ల వాసన పుడుతుంది, గ్లిజరాల్ పెరిగి వైన్‌కి నునుపు వస్తుంది. అప్పుడు పిండుతారు. చలికాలం కాబట్టి పులియడం నెమ్మదిగా, వారాల తరబడి సాగుతుంది. ఈస్ట్ ఆ చక్కెరను దాదాపు అంతటినీ ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. అందుకే ఇంత బలం.

ధర ఎందుకు ఎక్కువో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మామూలు వైన్‌కి 100 కిలోల ద్రాక్ష నుంచి 70 లీటర్ల దాకా వస్తుంది. అమరోనేకి 40 లీటర్లు మించకూడదని నిబంధన.

పులియడం మధ్యలో ఆగిపోతే చక్కెర మిగిలిపోయి తియ్యటి వైన్ అవుతుంది. దాని పేరు రెచోతో. నిజానికి ఆ ప్రాంతపు పాత సంప్రదాయం అదే, అమరోనే తర్వాత వచ్చింది. 1936లో నెగ్రార్ సహకార సంఘంలో ఒక రెచోతో పీపాను మరిచిపోతే అది పూర్తిగా పులిసి తీపి పోయిందని, దాన్ని రుచి చూసి మురిసిపోయిన అక్కడి సెల్లార్ పెద్ద ఆదెలీనో లుక్కేసే ఈ పేరు పెట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అమ్మకాలు 1950ల్లో మొదలయ్యాయి. 1968లో డిఓసి (వైన్ పుట్టిన ప్రాంతానికి, తయారీ పద్ధతికి హామీ ఇచ్చే ముద్ర) గుర్తింపు, 2010లో ఇటలీలో అత్యున్నతమైన డిఓసిజి హోదా వచ్చాయి.

రెండో మెట్టు: సీసా ఎంచుకోవడం

లేబుల్ మీద ‘అమరోనే దెల్లా వాల్‌పొలిచెల్లా’ అని పూర్తి పేరు ఉండాలి. వట్టి ‘వాల్‌పొలిచెల్లా’ అంటే తేలికపాటి వైన్. ‘రిపాస్సో’ అంటే ఆ తేలికపాటి వైన్‌ను అమరోనే పిప్పి మీద మళ్లీ పులియబెట్టినది. ధరలో, బలంలో రెండింటికీ మధ్యలో ఉంటుంది. ‘రెచోతో’ తీపిది. షాపులో ఈ నాలుగూ ఒకే అరలో, దాదాపు ఒకేలాంటి లేబుళ్లతో ఉంటాయి. తొందరలో రిపాస్సో తెచ్చుకుని అమరోనే ఇంతేనా అనుకోవద్దు.

‘క్లాసికో’ అని ఉంటే ద్రాక్ష పాత నడిబొడ్డు ప్రాంతం నుంచి వచ్చిందని అర్థం: నెగ్రార్, మరానో, ఫుమానే, సంత్ అంబ్రోజో, సాన్ పియెత్రో ఇన్ కరియానో. ‘రిసెర్వా’ అంటే కనీసం నాలుగేళ్లు నిల్వ ఉంచి అమ్మినది. మామూలు అమరోనేకి రెండేళ్లు చాలు.

మొదటి సీసాకి నా సలహా: కోత జరిగి ఆరు నుంచి పదేళ్లు అయిన క్లాసికో. మరీ కొత్తదైతే ఆల్కహాల్, ఓక్ చెక్క వాసన ముందుకు వచ్చి మిగతావాటిని కప్పేస్తాయి. మరీ పాతదైతే అందులోని తోలు, పుట్టగొడుగుల వాసనలు మెచ్చుకోవడానికి కొంత అలవాటు కావాలి. బెర్తానీ, మాసి, అల్లెగ్రీని, తొమ్మాసి లాంటి పెద్ద సంస్థల సీసాలు చాలా దేశాల్లో దొరుకుతాయి. క్వింతరెల్లి, దాల్ ఫోర్నో పేర్లు వింటే అమరోనే ప్రేమికుల కళ్లు మెరుస్తాయి గానీ, వాటి ధరకు నేర్చుకునే సీసాగా కొనమని ఎవరికీ చెప్పను.

మన దగ్గర దిగుమతి సుంకం, రాష్ట్ర పన్నులు కలిసి ధర బాగా పెరుగుతుంది. విదేశాల నుంచి వచ్చే బంధువులుంటే గుర్తుంచుకోండి: పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఇక్కడ షాపులో కొంటే మాత్రం ఎండ పడే అద్దాల దగ్గర నిలబెట్టిన సీసా తీసుకోకండి. 40 డిగ్రీల వేడిలో కొన్ని వారాలు ఉన్న వైన్ ఉడికిపోయిన వాసన వేస్తుంది. ఎంత గొప్ప సంస్థదైనా సరే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ చట్టప్రకారం మద్యం తాగే వయసు 21 అని వేరే చెప్పక్కర్లేదు.

మూడో మెట్టు: చల్లబరచడం, తెరవడం

‘రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అనే మాట చాలామంది విని ఉంటారు. ఆ మాట యూరప్ పాత రాతి ఇళ్ల గదుల గురించి పుట్టింది. విజయవాడలో మే నెల గదికి అది వర్తించదు. అమరోనేకి 18 డిగ్రీలు బాగుంటుంది, 20 దాటితే ఆల్కహాల్ ఆవిరై ముక్కును పొడుస్తుంది. మిగతా వాసనలన్నీ దాని వెనక దాక్కుంటాయి. గది 30 డిగ్రీలుంటే సీసాను ఫ్రిజ్‌లో సుమారు గంటన్నర పెట్టండి. కొంచెం ఎక్కువ చల్లబడినా నష్టం లేదు, మన వాతావరణంలో గ్లాసులో పోశాక పది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. మరీ చల్లగా ఉంటే మాత్రం వగరు ముదిరి, వాసన ముడుచుకుపోతుంది. చేత్తో సీసా పట్టుకుంటే చల్లగా తగలాలి, చెమట పట్టకూడదు.

పదేళ్లు దాటిన సీసాలో అడుగున మడ్డి ఉండవచ్చు. ముందు రోజే నిటారుగా నిలబెడితే అది కిందికి దిగుతుంది. తాగడానికి ఒకటి రెండు గంటల ముందు తెరిచి, వెడల్పాటి గాజు జగ్గులో నెమ్మదిగా వంచండి. డికాంటర్ ఉంటే మంచిదే, లేకపోయినా శుభ్రమైన, సబ్బు వాసన లేని జగ్గు సరిపోతుంది. కార్క్ తీసి ఊరికే వదిలేస్తే గాలి సీసా మెడ దగ్గర మాత్రమే తగులుతుంది, పెద్ద ఉపయోగం లేదు. ఇరవై ఏళ్ల సీసా అయితే జగ్గులో ఎక్కువసేపు ఉంచకండి, వాసన త్వరగా ఎగిరిపోతుంది.

తెరవగానే కొంచెం పోసుకుని వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన, పండు వాసన ఏమీ లేకపోవడం కనిపిస్తే అది కార్క్ చెడు. గాలికి పెట్టినా పోదు. సీసా షాపుకి తిరిగి ఇచ్చి మార్చమనండి.

గ్లాసు పెద్దదిగా, పొట్ట వెడల్పుగా, అంచు కొంచెం లోపలికి వంగినట్టు ఉండాలి. పావు వంతు మించి పోయకండి.

నాలుగో మెట్టు: చూడటం

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు రంగు చూడండి. వయసు తక్కువైతే చిక్కటి కెంపు రంగు, ఏళ్లు గడిచేకొద్దీ దానిమ్మ రంగు, ఆ తర్వాత అంచులో ఇటుక రంగు. గ్లాసు తిప్పి ఆపితే గోడల మీద ధారలు నెమ్మదిగా దిగుతాయి. చాలామంది వాటిని నాణ్యతకు గుర్తు అనుకుంటారు. అవి చెప్పేది ప్రధానంగా ఆల్కహాల్ గురించే: పలుచటి పొర నుంచి ఆల్కహాల్ ముందు ఆవిరై, మిగిలిన నీటికి తలతన్యత ఎక్కువై పైకి లాగబడి, చుక్కలుగా జారుతుంది. అమరోనేలో ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి ధారలు చిక్కగా కనిపిస్తాయి. అంతే.

అయిదో మెట్టు: వాసన చూడటం

అసలు సంగతి ఇక్కడుంది. తొందరపడకండి.

ముందు గ్లాసు తిప్పకుండా, ముక్కు అంచు పైనే ఉంచి చిన్నగా పీల్చండి. నోరు కొద్దిగా తెరిచి ఉంచితే ఆల్కహాల్ పొడవడం తగ్గుతుంది. ఈ వైన్‌కి ఈ అలవాటు చాలా అవసరం. ఈ మొదటి పీల్పులో తేలికైన వాసనలు వస్తాయి: చెర్రీ, కొన్నిసార్లు గులాబీ లాంటి పూల వాసన. తర్వాత గ్లాసును బల్ల మీదే ఉంచి మూడు నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ పీల్చండి. ఇప్పుడు బరువైనవి పైకి లేస్తాయి: ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజీర్, ఎండు ప్లమ్. వాటి వెనక దాల్చినచెక్క, లవంగం, కోకో. పాతబడిన వాటిలో పొగాకు, తోలు.

వంటింట్లోకి వెళ్లి ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి, చాలా ఉపయోగపడుతుంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజీర్, దాల్చినచెక్క, లవంగం, చేదు చాక్లెట్, కొంచెం కాఫీ పొడి వేర్వేరు చిన్న గిన్నెల్లో పెట్టుకోండి. వైన్ వాసన, వెంటనే గిన్నె వాసన, మళ్లీ వైన్. ‘ఏదో తెలిసిన వాసన’ అని ఆగిపోయిన చోట పేరు దొరుకుతుంది. మసాలా డబ్బా పక్కనే పెరిగిన తెలుగువాళ్ల ముక్కుకి ఈ విషయంలో మంచి శిక్షణ ఉంది. లవంగానికీ దాల్చినచెక్కకీ తేడా మనకు కళ్లు మూసుకుని తెలుస్తుంది.

మూడు వాసనలను ప్రత్యేకంగా వెతకండి. ఒకటి చేదు బాదం, కోర్వీనాలో తరచూ తగిలే గుర్తు. రెండోది వనిల్లా, కాల్చిన చెక్క వాసన. ఇది బలంగా ఉంటే 225 లీటర్ల చిన్న కొత్త ఓక్ పీపాల్లో నిల్వ ఉంచి ఉంటారు. పాత పద్ధతివాళ్లు వేల లీటర్ల పెద్ద పీపాలు వాడతారు, వాటిలో చెక్క వాసన తక్కువ, పండు వాసన ఎక్కువ. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం. మూడోది వినెగర్ లేదా నెయిల్ పాలిష్ ఛాయ. ఆరబెట్టిన ద్రాక్ష వైన్లలో ఇది కొద్దిగా ఉండటం మామూలే, వాసనను పైకి ఎత్తుతుంది కూడా. కళ్లు చిట్లించేంత ఉంటే మాత్రం లోపమే.

ఆరో మెట్టు: రుచి చూడటం

చిన్న గుక్క తీసుకోండి, రెండు చెంచాలంత. మింగకుండా నోరంతా తిప్పి, పెదాలు కొద్దిగా తెరిచి గాలి లోపలికి లాగండి. చప్పుడవుతుంది, పర్వాలేదు. వరసగా ఈ నాలుగూ అడగండి.

తీపి ఉందా? ఎండు పండ్ల వాసన వల్ల ఉందనిపిస్తుంది. తేల్చుకోవడానికి మంచి ఉపాయం: ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. అప్పుడు నాలుకకు తగిలేదే నిజమైన తీపి. చాలా అమరోనేల్లో అది కొద్దిగా మాత్రమే ఉంటుంది. ముక్కు వదలగానే ఖర్జూరం, చెర్రీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ ఒక్క క్షణంలో వాసన ఎంతటిదో తెలిసిపోతుంది. ఎవరికైనా వైన్ నేర్పాలంటే నేను మొదట చేయించేది ఇదే.

పులుపు ఎంత? మింగాక నోట్లో నీరు ఊరడం చూడండి. కోర్వీనాకి సహజంగా మంచి పులుపు ఉంటుంది. మంచి అమరోనేలో అంత బరువు కింద కూడా ఈ పులుపు కనిపిస్తుంది, వైన్‌ను నిలబెట్టేది అదే. అది లేని సీసా రెండో గ్లాసుకే విసుగు పుట్టిస్తుంది.

వగరు ఎలా ఉంది? చిగుళ్ల మీద, బుగ్గల లోపల చూడండి. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడం వల్ల నోరు ఆరినట్టవుతుంది. అమరోనేలో ఈ వగరు ఉంటుంది గానీ గరుకుగా ఉండకూడదు.

ఆల్కహాల్ వేడి ఎక్కడ తగిలింది? గొంతు దిగాక ఛాతీలో వెచ్చగా ఉంటే సరే. నాలుక మీదే మంటగా ఉంటే వైన్ వెచ్చగా అయినా ఉంది, లేదా ఆ సీసాలో పొందిక లేదు. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చివరగా మింగాక ఎంతసేపు రుచి నిలిచిందో గమనించండి. మంచి సీసాలో అర నిమిషం దాటినా కోకో, చేదు బాదం నోట్లో ఉంటాయి. ఆ చివరి సన్నటి చేదు ఈ వైన్‌కి అందం. అనిపించిన నాలుగు మాటలు తెలుగులోనే ఒక పుస్తకంలో రాసుకోండి. ‘ముందు ఎండుద్రాక్ష, అరగంటకి కాఫీ, చివర చేదు, వగరు మెత్తన’ అని రాసుకున్నా తర్వాతి సీసాతో పోల్చుకోవడానికి చాలు.

ఎంత తాగుతున్నారో కూడా లెక్క ఉండాలి. 15.5 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో దాదాపు 23 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులు రెండింటిలో సుమారు 26. అంటే ఒక్క గ్లాసు అమరోనే దాదాపు రెండు చిన్న పెగ్గులకు సమానం. ఒకే సీసాను ఐదారుగురు పంచుకోవడం సరైన పద్ధతి. పక్కన మంచినీళ్లు పెట్టుకోండి, తాగాక బండి ముట్టుకోవద్దు.

ఏడో మెట్టు: భోజనంతో కలపడం

బలమైన వైన్‌కి బలమైన తిండి అనుకుని కారం, మసాలా దట్టించిన వాటిని ముందు పెడుతుంటారు. ఇక్కడే దెబ్బతింటుంది. మిరపకాయలోని కాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను రేపుతుంది, ఆల్కహాల్ కూడా అవే నరాలను ఇంకా సున్నితం చేస్తుంది. గుంటూరు కారం వేసిన మటన్ కూర తిని 16 శాతం వైన్ తాగితే మంట రెట్టింపై, వైన్‌లో చేదు తప్ప ఏమీ తెలియదు. చింతపండు, గోంగూర ఇంకో రకంగా దెబ్బతీస్తాయి. తిండిలో పులుపు ఎక్కువైతే వైన్‌లో పులుపు మాయమై అది చప్పగా, బరువుగా అనిపిస్తుంది. గోంగూర మాంసం గొప్ప వంటే, ఈ వైన్‌తో కాదు.

కావలసింది నిదానంగా ఉడికిన, కొవ్వు, ఉప్పు ఉన్న తిండి. కొవ్వు నోటిని పూసి వగరును మెత్తబరుస్తుంది. ఉప్పు చేదును తగ్గిస్తుంది. ఒక జాగ్రత్త: పుట్టగొడుగులు, మాంసం రసం లాంటి వాటిలో ఉండే ఉమామి రుచి, ఉప్పు లేకపోతే వైన్‌ను ఇంకా చేదు చేస్తుంది. వేయించిన పుట్టగొడుగుల మీద చిటికెడు ఉప్పు చల్లక ముందు ఒక గుక్క, చల్లాక ఒక గుక్క తాగి చూడండి. రెండు వేర్వేరు సీసాలేమో అనిపిస్తుంది.

తేలికగా మొదలుపెట్టాలంటే జున్ను, అంటే చీజ్. బాగా ముదిరిన పార్మిజానో రెజ్జానో, కనీసం 24 నెలలది, కత్తితో కోయకుండా ముక్కలుగా విరిచి పెట్టండి. వెరోనావాళ్లు తమ కొండల్లో చేసే మోంతే వెరోనేసే పెడతారు. శాకాహారులు ఒకటి గమనించాలి: పార్మిజానో, గ్రానా పదానో రెండింటిలోనూ పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు. శాకాహార రెనెట్‌తో చేసిన గట్టి జున్నులు మన సూపర్ మార్కెట్లలోనూ ఉన్నాయి. పక్కన అక్రోట్లు, కొంచెం తేనె.

మాంసంలో వెరోనా పాత వంట పాస్తిస్సాదా దె కవాల్, గుర్రపు మాంసాన్ని వైన్‌లో గంటల తరబడి ఉడికించి మొక్కజొన్న పొలెంతాతో తినేది. 489లో గోత్ రాజు థియోడొరిక్, అప్పట్లో ఇటలీని ఏలుతున్న ఒడొయాసర్ సేనలు వెరోనా దగ్గర తలపడ్డాయి. అప్పుడు చనిపోయిన గుర్రాల మాంసంతో ఈ వంట పుట్టిందని అక్కడి కథ. మనింట్లో ఇదే పద్ధతి మటన్‌తో చేయవచ్చు. ఎముకతో ఉన్న ముక్కలు, ఉల్లి, క్యారెట్, బిర్యానీ ఆకు, దాల్చినచెక్క, లవంగం, మిరియాలు. రాత్రంతా మామూలు రెడ్ వైన్‌లో నానబెట్టి, మర్నాడు ముక్కలు వెన్నలో ఎర్రగా వేయించి, ఆ వైన్‌తోనే మూతపెట్టి రెండున్నర, మూడు గంటలు సన్నటి సెగ మీద ఉంచండి. ప్రెజర్ కుక్కర్ వద్దు, పులుసు చిక్కబడదు. మిరపకాయ అసలు వేయకండి, మిరియాలే చాలు.

తెలుగు వంటల్లో దగ్గరగా వచ్చేవీ ఉన్నాయి. చింతపండు, టమాటా లేకుండా, ఉల్లిపాయ బాగా ఎర్రబడే దాకా వేయించి చేసిన మిరియాల మటన్ వేపుడు, కారం సగానికి తగ్గిస్తే, అమరోనేతో చక్కగా కలుస్తుంది.

తీపి వంటలతో మాత్రం వద్దు. గులాబ్ జామూన్ పక్కన అమరోనే చేదు కషాయం అవుతుంది. చాక్లెట్ కూడా 80 శాతం దాటిన చేదుదైతేనే. తీపి కావాలంటే దాని అక్క రెచోతో ఉంది కదా.

ఎనిమిదో మెట్టు: అమరోనే రిసోత్తో వండటం

వెరోనాలో ఈ వైన్ పేరు చెబితే వెంటనే గుర్తొచ్చే వంట ఇది: బియ్యాన్ని వైన్‌తో, స్టాక్‌తో (కూరగాయలో మాంసమో ఉడికించి వడకట్టిన నీళ్లు) కొద్దికొద్దిగా ఉడికించే జారుడు అన్నం. నగరానికి దక్షిణంగా ఉన్న ఇసోలా దెల్లా స్కాలా వరి పొలాల వియలోనే నానో బియ్యంతో చేస్తారు. మన దగ్గర అది దొరకడం కష్టం, ఆర్బోరియో దొరుకుతుంది. సోనా మసూరి, బాస్మతి పనికిరావు. వాటిలో ఆ జిగురు రాదు.

నలుగురికి: బియ్యం 320 గ్రాములు, చిన్న ఉల్లిపాయ ఒకటి, వెన్న 80 గ్రాములు, వైన్ 350 మిల్లీలీటర్లు, కూరగాయల లేదా మాంసం స్టాక్ ఒక లీటరు, తురిమిన జున్ను 80 గ్రాములు. గిన్నెలో ఖరీదైన అమరోనే పోయాలని పట్టుబట్టకండి. రిపాస్సో పోసి, అమరోనే గ్లాసులో తాగండి. నిన్నటి సీసాలో మిగిలినది ఉంటే ఇంకా మంచిది. బియ్యం కడగకండి, పైనున్న పిండే చిక్కదనం ఇస్తుంది.

స్టాక్ ఒక పొయ్యి మీద సన్నగా మరుగుతూ ఉండాలి, వైన్ విడిగా వేడి చేసుకోండి. వెడల్పు గిన్నెలో సగం వెన్న వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ రంగు మారకుండా మెత్తబడనివ్వండి. బియ్యం వేసి రెండు నిమిషాలు కలపండి. గింజ అంచు అద్దంలా మారి, మధ్యలో తెల్లటి చుక్క మిగులుతుంది, చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. అప్పుడు వైన్ మూడు విడతల్లో పోయండి. గింజలు ముందు గులాబీ రంగు, తర్వాత వంకాయ రంగు తిరుగుతాయి. మొదట వచ్చే ఆవిరి ముక్కును పొడుస్తుంది. ఆ పొడుపు తగ్గి, ఉడికిన పండు వాసన వచ్చాకే స్టాక్ మొదలుపెట్టాలి. లేకపోతే వంటంతా పుల్లటి చేదు మిగులుతుంది.

ఇక గరిటెడు గరిటెడు స్టాక్ పోస్తూ, ఇంకాక మళ్లీ పోస్తూ, మొత్తం 16 నుంచి 18 నిమిషాలు. కొరికితే గింజ మధ్యలో కాస్త పట్టు ఉండాలి. మన అన్నంలా మెత్తగా అవ్వాలని చూడకండి. పొయ్యి కట్టేసి, మిగిలిన చల్లటి వెన్న, జున్ను వేసి గట్టిగా కలిపి రెండు నిమిషాలు మూతపెట్టండి. పళ్లెం వంచితే రిసోత్తో నెమ్మదిగా పారాలి, ముద్దగా ఉంటే ఇంకో గరిటె స్టాక్ పోయండి. ఉప్పు చివర్లో చూడండి, జున్నులో ఎలాగూ ఉంటుంది. వండినా ఆల్కహాల్ మొత్తం పోదు కాబట్టి పిల్లలకు, గర్భిణులకు ఇది పెట్టొద్దు.

తినేటప్పుడు ఒక గుక్క, ఒక ముద్ద, మళ్లీ ఒక గుక్క అనే వరస పాటించండి. రెండో గుక్కలో పండు వాసన పెరిగితే జత కుదిరింది. చేదో మంటో పెరిగితే కుదరలేదు. ఏ వంటకైనా ఈ పరీక్షే.

మిగిలిన వైన్, నిల్వ

తెరిచిన సీసాకి కార్క్ బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. వయసు తక్కువ అమరోనే రెండో రోజు ఇంకా మెత్తబడి, చెక్క వాసన తగ్గి, చెర్రీ బయటికి రావడం తరచూ చూస్తాం. అందుకని మొదటి రోజే ఒక గ్లాసంత సీసాలో ఉంచేసి, మర్నాడు మళ్లీ రుచి చూసి రెండు రోజుల రాతలూ పక్కపక్కన పెట్టుకోండి. తాగడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీయండి.

తెరవని సీసా పదేళ్లు, ఇరవై ఏళ్లు కూడా నిలుస్తుంది, అయితే 12 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, పడుకోబెట్టి ఉంచితేనే. మన ఇళ్లలో వంటగది అర, బీరువా పైభాగం, ఫ్రిజ్ పైన, ఏవీ పనికిరావు. వైన్ ఫ్రిజ్ లేకపోతే దాచుకోవాలన్న ఆలోచన మానేసి, తాగడానికి సిద్ధంగా ఉన్న వయసు సీసానే కొని, వేసవి రాకముందే నలుగురిని పిలిచి తెరవండి.